మా నాయిన వేసిన జడలు

నాకు ఆరేళ్లు దాటేదాకా రెండు జడలుండేవి. నాకంటే రెండేళ్లు చిన్నవాడు మా తమ్ముడు అన్వేష్, వాడికీ రెండు జడలే. మేమిద్దరం మగపిల్లలం. ఇప్పుడు చెబితే నవ్వులాటగా ఉంటుంది గానీ, అప్పట్లో ఊళ్లోకి వచ్చిన ప్రతి కొత్త మనిషికీ ఈ సంగతి విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. చెప్పినా సగం మంది నమ్మేవాళ్లు కాదు.

ఆ జడలు వేసేది మా నాయిన. పేరు మధుసూదన్ రెడ్డి, ఊరు దేవరయాంజాల్, ఉన్నది ఒక ద్రాక్షతోట. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లున్న రోజులవి. తీగ కత్తిరించడంలో మా నాయిన పెట్టింది పేరు. ఏ కణుపు దగ్గర కోస్తే గుత్తి పడుతుందో చూడగానే చెప్పేవాడు. కత్తిరింపుల కాలంలో పక్క ఊళ్ల రైతులు వచ్చి బతిమాలి తీసుకుపోయేవాళ్లు. అంతటి కత్తెర మనిషికి సొంత కొడుకుల జుట్టు మీద కత్తెర పెట్టే హక్కు లేదు. ఆ హక్కు మా మేనమామది.

మా ఇళ్లల్లో పుట్టువెంట్రుకలు తీయాలంటే పిల్లవాడు మేనమామ ఒళ్లో కూర్చోవాలి. మొదటి కత్తెర మేనమామ వేయాలి, కొత్త బట్టలు ఆయనే పెట్టాలి. అదీ బేసి ఏట. అప్పటిదాకా ఒక్క వెంట్రుక కోయకూడదు. పైగా అన్న గుండు కానిదే తమ్ముడికి కాకూడదట. సరే, మాకు మేనమామ లేడా అంటే నిక్షేపంగా ఉన్నాడు. పేరు భూపాల్ రెడ్డి. మేడ్చల్‌లో బస్సు డిపో దగ్గర ఎరువుల దుకాణం. చిక్కల్లా ఒక్కటే, ఆయనా మా నాయినా మాట్లాడుకోరు.

దానికి కారణం ద్రాక్షపళ్లు. మేడ్చల్‌లో మా అమ్మ పుట్టింట్లో నన్ను తొట్టెలో వేసిన రోజున, మా నాయిన ఆ ఏటి తొలికోత పళ్లు గంపతో తెచ్చి నలుగురి మధ్య పెట్టాడు. గంప చుట్టూ చేరిన చుట్టాలను చూసి మా మామకు హుషారు పుట్టింది.

"బావా, ఇవి ద్రాక్షలా, చింతకాయలా? తొక్కు పెట్టుకుంటె ఏడాది దాక ఉంటది!" అన్నాడు.

అందరూ నవ్వారు. మా నాయిన కలిపిన ముద్ద విస్తట్లో వదిలి లేచి వచ్చేశాడు. అందని ద్రాక్ష పుల్లన అని లోకంలో సామెత ఉంది. మా మామ చేతికందిన ద్రాక్షను పుల్లన అన్నాడు. దాని ఫలితంగా మా నెత్తిన జడలు మొలిచాయి.

"ఆయన వచ్చి నా పండ్లు మంచిగున్నయని నలుగుర్ల చెప్పాలె. గప్పుడే నా గడప దొక్కాలె," అని మా నాయిన. "నా ఇంట్ల అన్నం ముంగటికెల్లి లేసిపోయినోడు బొట్టు పెట్టి పిలిస్తెనే వస్త," అని మా మామ. ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. ఒకటో ఏడు పోయింది, మూడో ఏడు పోయింది, ఐదో ఏడు కూడా పోయింది. నాయిన తల్లి, మా అవ్వ ఇందిరమ్మ, అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లతో, "అయ్య పంతం పిల్లగాండ్ల నెత్తిన పెరుగుతాంది," అనేది.

మా అమ్మ అనసూయ అన్న మీద ప్రేమ చావక, మొగుడి మీద కోపం చాలక, మధ్యలో నలిగేది. ఒకరోజు ఆగలేక అడిగేసింది.

"తీగె కొయ్యకుంటె కాత రాదని ఊరంత చెప్తవ్. ఇంట్ల గీ తీగెల సంగతేందయ్యా?"

"తీగెలకు మేనమామ లేడు," అన్నాడు మా నాయిన. ఆ మాటకు తిరుగు లేదని ఆయన నమ్మకం.

మొదట్లో మా జడలు అమ్మే వేసేది. నాకు నాలుగేళ్లప్పుడు అమ్మకు తుర్కపల్లిలో కొత్తగా వచ్చిన మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది. తెల్లారీ తెల్లారకముందే కంపెనీ బండి వచ్చి గేటు ముందు హారన్ కొట్టేది. అవ్వకేమో కళ్లల్లో పొరలు, చేతుల్లో వణుకు. కాబట్టి జడల పని నాయిన మీద పడింది.

మొదటిరోజు ఆయన మమ్మల్ని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, ద్రాక్షతీగను పందిరి కమ్మికి కట్టినట్టు, జుట్టును గుప్పిట పట్టి సుతిలి తాడుతో బిగించి ముడి వేశాడు. గాలివానకు కూడా జారని ముడి అది. సాయంత్రం పని నుంచి వచ్చిన అమ్మ ఎంత లాగినా ఊడలేదు. వెంట్రుక తెగకుండా తాడు కోయడానికి బ్లేడు తెచ్చి అర్ధగంట తంటాలు పడింది. నేను కెవ్వున ఏడుస్తుంటే నాయిన పక్కన నిలబడి, "ముడి అంటె గట్లుండాలె," అని మురిసిపోయాడు.

అంగన్వాడీ నుంచి మేం పేలు తెచ్చుకున్నప్పుడు ఇంకా వేడుక. నాయిన నా తల వంచి, పాయలు విడదీసి చూసి, "పిండినల్లి పట్టినట్టు పట్టినయ్," అన్నాడు. పిండినల్లి అంటే ద్రాక్షకు పట్టే తెల్ల పురుగు. ఆయన చూపు కొట్టంలో ఉన్న పిచికారీ పంపు మీదికి పోవడం అవ్వ ఆ పొరలు కమ్మిన కళ్లతోనే కనిపెట్టింది. "మందు గిందు కొట్టినవంటె చూడు బిడ్డా!" అని కర్ర ఎత్తింది. లేకపోతే ఏం జరిగేదో నాకు తెలియదు. మా నాయినను నేను అంతగా నమ్మను.

ఆయనకు అసలు జడ వేయడం నేర్పింది అమ్మాజీగారు. మా తోటకు ఎదురుగా కొత్త కాలనీ వెలిసింది. అందులో ఇల్లు కట్టుకున్న గోపాలరావుగారి భార్య ఆవిడ. భీమవరం వైపు వాళ్లు. పళ్ల కోసం తోటకు వచ్చి, మమ్మల్ని చూసి ముచ్చటపడింది.

"ఎంత లక్షణంగా ఉన్నారండీ మీ అమ్మాయిలు! జడలెవరు వేశారు?"

"నేనేనమ్మా," అన్నాడు నాయిన.

"అదే అనుకున్నాను. తాడు పేనినట్టున్నాయి. ఇలా తీసుకురండి, పాయలు సమంగా ఎలా తీయాలో చూపిస్తాను."

నాయిన 'వీళ్లు మగపిల్లలమ్మా' అనబోయి నోరు మూసుకోవడం నేను చూశాను. ఎందుకంటే మగపిల్లలని చెబితే జడలెందుకని అడుగుతుంది. అది చెప్పాలంటే తొట్టెల నాటి కథంతా చెప్పాలి. పళ్లు కొనడానికి గుత్తి చేతపట్టుకుని నిలబడ్డ మనిషికి, నా పళ్లు పుల్లనన్నారని ఏ రైతు చెబుతాడు? అందుకని బుద్ధిమంతుడిలా కూర్చుని మూడు పాయల అల్లిక నేర్చుకున్నాడు. చేతిలో పనితనం ఉన్న మనిషి, రెండు వారాల్లో అమ్మాజీగారిని మించిపోయాడు. ఊళ్లో పెళ్లిళ్లప్పుడు ఆడపిల్లలు కూడా సిగ్గుపడుతూ వచ్చి అడిగితే బాగుండునని ఆయనకు లోపల ఉండేదేమో. ఎవరూ రాలేదనుకోండి.

అమ్మాజీగారు ప్రేమ కొద్దీ తన మనవరాలి పాత గౌన్లు పంపించింది. నేను చచ్చినా తొడుక్కోలేదు. అన్వేష్‌కు మాత్రం కుచ్చులున్న గులాబీ గౌను తెగ నచ్చింది. విప్పమంటే ఏడ్చేవాడు.

ఒక సాయంత్రం నాయిన పళ్ల గంప ఇవ్వడానికి మమ్మల్ని కూడా వెంట తీసుకుని వాళ్లింటికి వెళ్లాడు. అమ్మాజీగారు లోపలికి వెళ్లి గిన్నె తెచ్చేలోగా అన్వేష్‌కు ఆగలేదు. గౌను పైకెత్తి, కొత్తగా సున్నం వేసిన ప్రహరీ గోడకు ఎదురుగా దర్జాగా నిలబడి పని కానిచ్చాడు. అమ్మాజీగారు గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏవండీ," అని లోపలికి కేకేసింది, "ఒక్కసారి ఇలా రండి. రెడ్డిగారి చిన్నమ్మాయిని చూడండి!"

ఇక దాచడానికేముంది? నాయిన తల వంచుకుని కథంతా చెప్పాడు. ఆవిడ నవ్వీ నవ్వీ మెట్టు మీద కూలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని గంపలోంచి ఒక పండు తీసి నోట్లో వేసుకుంది.

"తియ్యగానే ఉన్నాయి కదండీ, ఆయనెందుకలా అన్నాడు?"

"ఇవి తియ్యగనే ఉన్నయమ్మా," అన్నాడు నాయిన, గంప సర్దుకుంటూ.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. 2002 వేసవిలో మాత్రం నా ప్రాణం మీదికి వచ్చింది. నన్ను మేడ్చల్‌లో ఇంగ్లీషు మీడియం బడిలో ఒకటో తరగతిలో వేయాలనుకున్నారు. బడిలో యూనిఫారాలు కొలిచే ఆయన నా జడలు చూసి, మారు మాట లేకుండా నీలం స్కర్టు తీసి నా నడుముకు పెట్టి చూశాడు. నాయిన పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. అక్కడ వరుసలో నిలబడ్డ మగపిల్లలందరూ నన్నే చూస్తున్నారు. బడి మేడమ్ వచ్చి సంగతి తెలుసుకుని, "బాబైతే జుట్టు తీయించుకుని జూన్‌లో తీసుకురండి. జడలతో మగపిల్లల వరుసలో కూర్చోబెట్టలేం," అని తేల్చి చెప్పింది.

ఇంటికొచ్చాక అవ్వ ఇంకో మేకు కొట్టింది. "వీనికిది ఏడో ఏడు. ఇది గూడ దాటితే ఇగ జడలతోనే పెండ్లి పీటల మీద కూసుంటడు. పిల్లదానికి, వీనికి ఒక్కటే పూలదండ సరిపోతది."

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. జూన్‌లోగా జడలు పోవాలి. జడలు పోవాలంటే మామ రావాలి. మామ రావాలంటే నాయిన పిలవాలి. నాయిన పిలవడు. ఆరేళ్ల బుర్రకు కూడా దారి ఒక్కటే కనపడింది.

అది వేసవి కత్తిరింపుల సమయం. నాయిన తోటలో పొద్దంతా తీగలు కోసి, మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు కత్తెరను పందిరిని మోసే రాతి కడీకి తగిలించేవాడు. నేను అన్వేష్‌ను వెంటబెట్టుకుని పందిరి కిందికి వెళ్లి, రాయి ఎక్కి కత్తెర దించాను. నా జడ నేను కోసుకోవడానికి చేయి అందలేదు. అందుకని కత్తెర వాడి చేతికిచ్చి, జడ ఒకటి పట్టుకుని, "గిక్కడ, చెవు పక్కకు. గట్టిగ నొక్కు," అన్నాను. వాడి రెండు చేతులకూ ఆ కత్తెర బరువే. నాలుక బయటపెట్టి మరీ నొక్కుతున్నాడు.

నాయిన కేక వినపడింది. ఆయన అంత వేగంగా పరిగెత్తడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. కత్తెర లాగి అవతల పారేశాడు. అన్వేష్ భయంతో గుక్కపెట్టాడు. జడ తెగలేదు గానీ చెవి తమ్మె మీద గీరుకుని రక్తం చుక్క కనపడింది. నాయిన దాన్ని తుండుతో అద్దుతూ, నన్ను కొట్టడానికి ఎత్తిన చేతితోనే దగ్గరికి లాక్కున్నాడు.

"చెవు తెగిపోతుండె గదరా! ఏం పనిరా ఇది?"

"నువ్వు అందరి తోటలల్ల తీగెలు కోస్తవ్," అన్నాను ఏడుస్తూ. "నా జడ ఒక్కటి కొయ్యవు."

నాయిన లేచి మమ్మల్నిద్దరినీ స్కూటర్ మీద ఎక్కించాడు. అన్నం తినలేదు, అంగీ మార్చలేదు. "ఏడికి పోతున్నవ్ రా?" అని అవ్వ అరుస్తుంటే "మేడ్చల్‌కు" అన్నాడు. అవ్వ ఇంకో ప్రశ్న వేయలేదు.

మామ దుకాణంలో బస్తాల మధ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి నవ్వుతూ లేవబోయి, వెనక నాయినను చూసి మళ్లీ కూర్చున్నాడు.

"పొటాష్ ఉన్నదా?" అన్నాడు నాయిన. అన్నేళ్ల తర్వాత బావతో అన్న మొదటి మాట అది.

"రాలే."

"వానలు ఎట్లుంటయంటవ్ ఈయేడు?"

"నన్నడిగితే? నేనేమన్న రేడియోనా?"

మళ్లీ ఇద్దరూ గోడలు చూశారు. ఇలా వానల గురించి మాట్లాడుకుని తిరిగి వెళ్లిపోతామని, నేను స్కర్టుతో బడికి పోతానని అనుకున్నాను. అప్పుడు మామ కళ్లు నా చెవి మీద పడ్డాయి.

"పెద్దోని చెవుకేమైంది?"

"జడ కోసుకోబోయిండు," అన్నాడు నాయిన. నా తల మీద ఉన్న ఆయన చేయి బరువెక్కింది. "బావా, గా పండ్లు పుల్లగనే ఉండె."

మామ తలెత్తాడు.

"ఇంక పదిహేను దినాలు తీగె మీదనే ఉండాల్సినయ్. నాకు తెల్వదా? కొడుకు పుట్టిండన్న ఖుషీల ఆగలేకపోయిన. తొలి గంప వాని తొట్టెల కాడ పెట్టాలనిపించింది. పచ్చిగున్నప్పుడే కోసుకొచ్చిన. నువ్వన్నది నిజమే, గందుకే మస్తు కోపమొచ్చింది."

నా మూలంగా పుల్లనైన పళ్లవి. ఆ సంగతి ఆయన ఎవరికీ, అమ్మకు కూడా చెప్పలేదు. ఆ క్షణంలో నాకేమీ అర్థం కాలేదు గానీ, ఇప్పుడు తలచుకుంటే ఆ పళ్లు ఒక్కటైనా తినలేకపోయానే అనిపిస్తుంది.

మామ మొహం చిత్రంగా మారింది. కుర్చీలోంచి లేచాడు.

"నాకు తెల్వది బావా," అన్నాడు మెల్లగా.

"ఏం తెల్వది?"

"పుల్లగుండెనో, తియ్యగుండెనో. నేను తినలే. గా దినం నాకు పన్ను నొప్పి. పక్కకు కూసున్న పెద్దమనిషి ఒకటి నోట్ల ఏసుకొని మొఖం గిట్ల పెట్టిండు. నలుగుర్ని నవ్విద్దామని అన్న."

"తినలేదా?"

"ఒట్టు. ఒక్కటి తినలే."

"తినకుండనే అంటివా?"

నాయిన కళ్లు ఎర్రబడ్డాయి. ఇంకో ఆరేళ్లకు పునాది పడిందని నేను ఖాయం చేసుకున్నాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు మామ పెదవి అదిరింది. తర్వాత నాయిన భుజాలు ఊగాయి. ఆ పైన ఇద్దరూ బస్తాల మీద చతికిలబడి, రోడ్డు మీద బస్సుకు నిలబడ్డవాళ్లు తొంగిచూసేంతగా నవ్వారు. అన్వేష్ ఎందుకో తెలియకుండానే వాళ్లతో పాటు నవ్వాడు. నేను మాత్రం బిగుసుకుని నిలబడ్డాను. నా తల సంగతి ఇంకా తేలలేదు.

"మరి బొట్టు పెట్టి పిలవ్వా?" అన్నాడు మామ.

నాయిన జేబులు తడుముకున్నాడు. సుతిలి తాడు తప్ప ఏమీ లేదు. దుకాణం వెనకే మామ ఇల్లు. అత్త లోపల్నుంచి అంతా విన్నట్టుంది, అడక్కుండానే కుంకుమ భరిణ తెచ్చి నాయిన చేతికిచ్చింది. వాళ్లింటి కుంకుమతోనే నాయిన మామకు బొట్టు పెట్టి పిలిచాడు. పిలవడమైతే పిలిచాడు కదా.

ఆ వారమే దేవరయాంజాల్ సీతారామస్వామి గుడి దగ్గర నేను మామ ఒళ్లో కూర్చున్నాను. అమ్మ పనికి సెలవు పెట్టింది. మామ కత్తెర వేస్తుంటే అమ్మ కళ్ల నిండా నీళ్లు. మంగలాయన కత్తి కింద నా జడలు రెండూ పోయాయి, తల చల్లబడింది. నేను గుడి చుట్టూ గెంతులు వేశాను.

అన్వేష్ మాత్రం స్తంభాన్ని వాటేసుకుని వదల్లేదు. "నా జడలు నాగ్గావాలె!" అని ఊరంతా వినపడేలా ఏడ్చాడు. ఇద్దరు పట్టుకుంటే గానీ వాడి గుండు కాలేదు. మామ తెచ్చిన కొత్త అంగీ వాడు తిప్పి తిప్పి చూసి, కుచ్చులు లేవని మళ్లీ ఏడ్చాడు.

మర్నాడు తెల్లవారుజామున కంపెనీ బండి హారన్ కొట్టింది. అమ్మ వెళ్లిపోయింది. నన్నెవరూ లేపలేదు. అయినా మెలకువ వచ్చి బయటికి వచ్చాను. నాయిన గడప మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కొబ్బరినూనె సీసా, దువ్వెన, నాలుగు సుతిలి ముక్కలు. అలవాటుగా తెచ్చి పెట్టుకున్నట్టున్నాడు. వాటి వంక చూస్తూ, లోపల పెట్టాలో వద్దో తెలియనట్టు కూర్చున్నాడు.

అన్వేష్ కళ్లు నులుముకుంటూ వచ్చి, రోజూలాగే ఆయన మోకాళ్ల మధ్య కూర్చున్నాడు.

"జడెయ్యి నాయినా," అన్నాడు.

నాయిన వాడి గుండు చూశాడు. నవ్వలేదు. అరచేతిలో నూనె పోసుకుని నెమ్మదిగా రాశాడు. దువ్వెన తిరగేసి, గీసుకోకుండా, ముందు నుంచి వెనక్కి దువ్వాడు. మూడు పాయలు తీశాడు, అల్లాడు. లేని జడ చివర సుతిలి ముడి కూడా వేశాడు.

"కదలకు బిడ్డా, ముడి జారుతది," అన్నాడు.

జడలు పోవాలని నేను మొక్కని దేవుడు లేడు. అవి పోతే పొద్దున్నే నాయిన మోకాళ్ల మధ్య కూర్చునే కాసేపు కూడా పోతుందని నాకు తోచనే లేదు. వెళ్లి తమ్ముడి వెనక నిలబడ్డాను.

"నువ్వు బడికి పోయేటోనివి. నీకెందుకురా?" అన్నాడు నాయిన.

"నాగ్గూడ," అన్నాను.

నాయిన తమ్ముడిని లేపి పక్కన కూర్చోబెట్టాడు. ఒళ్లో ఉన్న తుండు దులిపి పరుచుకుని, "రా, కూసో," అన్నాడు.